బొరుగులు చల్లిన శనగ చేను

మాది కోసిగి పక్క వాన మీద ఆధారపడిన నల్లరేగడి చేను. పప్పుశనగ చేతికొస్తే ఇంట్లో ఉంటాం. రాలేదంటే తలుపుకు తాళమేసి, పిల్లల్ని వెంటేసుకొని గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపను సుగ్గికి పోవాల్సిందే. ఆ యేడు మాత్రం నేను పోనని ముందే మొండికేసినా. పాపను మళ్ళా బడి మాన్పించేది నాకు ఇష్టం లేదు.

పూత బాగానే వచ్చింది. కాయ పట్టే పొద్దుకు పచ్చపురుగు దిగింది. మా ఆయన ఆదోనికి పోయి మందు తెచ్చి కొట్టినాడు. సన్న పురుగు చచ్చింది గానీ, ముదురుది కాయలో తల పెట్టి తింటానే ఉంది. పక్క చేనాయన ఏదో ఘాటు మందు కొట్టినాడు. ఆ పురుగుల్ని తిన్న గోరింకలు సాళ్లలోనే పడి చచ్చినాయి.

"బొరుగులు చల్లమ్మా. వాటికోసం పిట్టలు దిగితే పురుగును కూడా ఏరుకొని తింటాయి," అనింది మా అత్త.

"మనకు ఉగ్గాని చేసుకునేకే చాలడంలేదు, పిట్టలకు విందా?" అని ఎగతాళి చేసినా. ఆమె బొరుగుల సంచి నా చేతిలో పెట్టింది. మోకాళ్ల నొప్పులతో ఆమె చేలోకి దిగలేదు.

తెల్లారి చల్లినా. ఒక్క పిట్టా రాలేదు. నాకు ఒళ్లు మండింది. మరుసటి పొద్దు కూడా చల్లితే గోరింకలు గుంపుగా దిగినాయి. బొరుగులు అయిపోయినాక మొక్కల్లో దూరి పురుగును లాగి తింటాంటే, పని మరిచిపోయి గట్టున కూచొని చూస్తా ఉండిపోయినా. భలే సంబరమనిపించింది. కొన్నాళ్లకు నన్ను చూస్తే చాలు, దిగేంత అలవాటు పడినాయి.

ఇంతలో మబ్బు పట్టింది. పురుగు మళ్ళా ఎక్కువైంది. మా ఆయన పక్క చేనాయన కొట్టిన మందే తెచ్చినాడు.

"నేను పిల్చి తిండి పెట్టిన పిట్టలకు విషం పెడ్తావా?" అన్నా.

"పిట్టల కోసం చేను వదిలి సుగ్గికి పోదామా? నువ్వే చెప్పు, పోదాం."

పాప గుర్తొచ్చింది. పిట్టలు దిగకుండా నేను కాపలా ఉంటా, కొట్టమన్నా.

ఆయన పంపు వీపుకేసుకొని కొట్టుకుంటా పోయినాడు. నేను పళ్లెం వాయించుకుంటా గట్టు చుట్టూ తిరిగినా. గోరింకలు లేసినట్టే లేసి మళ్ళా నా ఎనకే దిగినాయి. పొమ్మని చెయ్యి ఊపితే, బొరుగులు చల్లుతాండానేమోనని ఇంకా దగ్గరికొచ్చినాయి. గొంతు పోయేట్టు అరిచినా. ఏడుపొచ్చింది. కడాకు మట్టిపెళ్లలు తీసుకొని, తగిలేట్టే కొట్టినా. అప్పుడు పోయినాయి.

పంట నిలిచింది. సుగ్గికి పోలేదు, పాప బడి మానలేదు.

మళ్ళా యేడు పురుగు దిగినప్పుడు మా ఆయనే బొరుగులు చల్లినాడు. గోరింకలు వచ్చినాయి. నేను గట్టెక్కితే మటుకు అన్నీ లేసిపోతాండాయి.