చిన్నమ్మ పాట మీద మా దుకాణం

మొన్న దసరాకు వరంగల్ వెళ్ళేసరికి, మా ఇత్తడి సామాన్ల దుకాణంలో వదిన స్టూలెక్కి, గోడలకున్న ఎనిమిది కెమెరాలకూ అద్దాలకు అంటకుండా పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతోంది. వేడెక్కిన ప్లాస్టిక్ మీద తడి పసుపుకు ఒక వాసన ఉంటుంది. అది ముక్కుకు తగలగానే నాకు మళ్ళీ పదేళ్ళు వస్తాయి, అప్పటి భయం కూడా వస్తుంది.

అప్పట్లో మాకున్నది ఒకే కెమెరా. మా నాన్న తమ్ముడికి, అంటే బాబాయికి, మిషన్ల పిచ్చి. దుకాణంలో బిందెల వరసల పైన ఆ కెమెరా బిగించి, పైకప్పుకు చిల్లు పెట్టి, వైరును మేడ మీద మా ఇంట్లో ఉన్న వీసీఆర్‌కు కలిపాడు. ఇక మాకు రోజూ సినిమానే. మాట వినపడదు, రంగుల్లేవు, దొంగ మాత్రం ఎప్పుడూ రాడు. పండగ రోజుల్లో ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి బిందెను వేలి కణుపుతో కొట్టి మోత వినేవాళ్ళు. టీవీలో ఆ చెయ్యే ఆడేది, మోత ఉండేది కాదు. నానమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, ఈమె కొంటది, ఆమె ఊకెనే వచ్చింది అని జోస్యం చెప్పేది. మధ్యాహ్నం నాన్న భోజనానికి పైకొచ్చినప్పుడు బాబాయి క్యాసెట్ పెట్టి రికార్డు చేసేవాడు. ఉన్నవి నాలుగే క్యాసెట్లు, వాటినే తిప్పి తిప్పి వాడేవాళ్ళు.

అయిదోది బాబాయి బీరువాలో చొక్కాల కింద ఉండేది. అందులో బాబాయి భార్య, మా చిన్నమ్మ ఉంది. ఒక సద్దుల బతుకమ్మ నాడు, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే బాబాయి దోస్తు మా గల్లీలో తీశాడు. తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళు తిరుగుతుంటే, చిన్నమ్మ పాట ఎత్తుకునేది, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. చివర్లో నవ్వుతూ కెమెరాకే నువ్వుల సద్ది పెట్టబోయింది. ఆ చలికాలం జ్వరమొచ్చి దవాఖానకు పోయిన చిన్నమ్మ మళ్ళీ ఇంటికి రాలేదు. ఫొటోలు నాలుగైదు మిగిలాయి గానీ, గొంతు ఆ ఒక్క క్యాసెట్‌లోనే మిగిలింది. దాని మీద కాగితం అంటించి, ఎర్ర సిరాతో ఆమె పేరు బాబాయే రాసుకున్నాడు.

మరుసటి దసరాకు నానమ్మ బిందెలు తూచే తరాజునూ, కెమెరానూ, వీసీఆర్‌నూ, క్యాసెట్లనూ పూజకు పెట్టింది. కోడలు కూడా పూజలో ఉండాలని బీరువాలోదీ తెచ్చింది. అన్నీ తడిగుడ్డతో తుడిచే పని నాది. నేను ఒళ్ళు దాచుకోకుండా రుద్దాను. ఎర్ర సిరా కారింది, కాగితం ఊడి చేతికొచ్చింది. అప్పుడే చెప్పాల్సింది. పండగ పూట తిట్లెందుకని ఆ ముక్కను ఉండ చేసి మురుగు మోరీలో పడేసి, క్యాసెట్‌కు పసుపు దట్టంగా పూసి మిగతా వాటితో కలిపేశాను. తర్వాత వెతికి వేరు పెడదామనుకున్నాను. సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని పెద్దల కాళ్ళు మొక్కుతూ బజారంతా తిరిగి, మరిచిపోయాను. అయిదూ ఒకేలా ఉన్నాయి, అయిదూ వీసీఆర్ పక్కకే చేరాయి. నానమ్మ దాన్ని తిరిగి బీరువాలో పెట్టిందనే బాబాయి అనుకున్నాడు.

చిన్నమ్మ సంవత్సరీకానికి ఆమె తల్లి హసన్‌పర్తి నుంచి వచ్చింది. భోజనాలయ్యాక, "ఒక్కసారి నా బిడ్డ పాట ఇనిపియ్యి అల్లుడా" అంది. బాబాయి బీరువా అంతా వెతికి, ఆఖరికి దుకాణం క్యాసెట్లు ఒకటి తీసి ఒకటి పెట్టాడు. అన్నిట్లోనూ మా దుకాణమే. అయిదో దాంట్లో ఎవరో ఒకామె బిందెను కొట్టి చూస్తోంది, చప్పుడు లేదు. బిడ్డ ఇప్పుడొస్తుంది, ఇంకాసేపటికొస్తుంది అనుకుంటూ ఆ తల్లి క్యాసెట్ అయిపోయేదాకా కళ్ళార్పకుండా కూర్చుంది.

"నేనే, అత్తమ్మా. సూస్కోకుంట నేనే రికార్డు పెట్టిన" అన్నాడు బాబాయి.

క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొడితే దాని మీద మళ్ళీ ఏదీ ఎక్కదట. ఆ మాత్రం చెయ్యలేకపోయానని ఎన్నోసార్లు అనేవాడు. తెల్లారి కెమెరా పీకేశాడు, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆరోజు తలుపు వెనక నిలబడి అంతా విన్న నేను నోరు విప్పలేదు. తర్వాత విప్పడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు వీసీఆర్ లేదు, క్యాసెట్లు లేవు, నానమ్మ లేదు, హసన్‌పర్తి అమ్మమ్మ పోయి కూడా చాన్నాళ్ళయింది. బిందెలు కొట్టి చూసేవాళ్ళే కరువు. మొన్న పూజయ్యాక, దుకాణం మెట్ల మీద బాబాయి పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పేశాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి.

"మొఖం యాదికున్నది, గొంతే యాదికి రాదు" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. "గీ మాట గప్పుడే చెప్తే, ఇన్నేండ్లు నన్ను నేను తిట్టుకోకపోతుంటి గద బిడ్డా."