పాలకని చెప్పి పార్కుకు

లావణ్య కాపురం చార్మినార్ వెనక గల్లీలో, ఒక్క అర్రలో. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. మొగుడు నందు పొద్దున్నే ఆటో తీశాడంటే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. అత్త కొమురమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది; గోడ పట్టుకుని గడప దాకా రావడమే గొప్ప. ఆమెకు తినిపించడం, కడగడం అన్నీ లావణ్యే.

అట్లా ఉండగా లావణ్యకు ఏదో అయింది. వంట చేస్తూ చేస్తూ ఊపిరాడక కూలబడేది. ఊరికే ఏడుపొచ్చేది. దవాఖానాకు పోతే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "గుండె బాగానే ఉందమ్మా, అలిసిపోయింది మనసు. రోజూ కాసేపు ఎక్కడన్నా చెట్ల కింద కూర్చో" అంది.

ఈ మందు సంగతి ఇంట్లో ఎట్లా చెప్తుంది? అత్త మంచంలో ఉంటే కోడలు షికార్లు కొడుతోందని గల్లీ అంతా ఆడిపోసుకోదూ? అందుకని పాలకని చెప్పి మూసీ ఒడ్డున ఉన్న పార్కుకు పోయేది. వేపచెట్టు కింద గడ్డిలో కూర్చుంటే ఛాతీ మీంచి బండ దించినట్టుండేది. తిరిగొచ్చి అత్తకు తల దువ్వుతుంటే చేతుల్లో విసురు ఉండేది కాదు.

ఒకనాడు ఆ చల్లగాలికి కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి ఇంటికి ఉరికొచ్చేసరికి కొమురమ్మ నేల మీద పడి మూలుగుతోంది. నీళ్లకని లేవబోయిందట. తుంటి విరిగింది.

"ఏడికి పోయినవే గింతసేపు?" అన్నాడు కబురంది ఉరికొచ్చిన నందు.

"పాలకాడ మస్తు లైనుండె" అంది లావణ్య.

ఆ అబద్ధం ముల్లులా లోపలే దిగబడిపోయింది. పార్కు ముఖం మళ్లీ చూడలేదు. ఊపిరాడకపోవడం మళ్లీ మొదలైంది. ఒక మధ్యాహ్నం కొమురమ్మ అన్నం ముద్ద ఉమ్మేస్తే లావణ్య చెయ్యి పైకి లేచింది. లేచిన చేతిని చూసుకుని తనే భయపడి, అత్త కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేసింది.

"నాకెర్కే బిడ్డా," అంది కొమురమ్మ. "చీరకు గడ్డిపోసలు అంటుకొని వస్తుంటివి. పాలకాడ గడ్డేడిది?"

"మరి అడగకపోతివేంది?"

"అడిగితే పోవుడు బంద్ జేస్తవని. పోయొచ్చినప్పుడు నాతోని నవ్వుకుంట మాట్లాడుతుంటివి."

తిట్టినా బాగుండేదనుకుంది లావణ్య. ముసలామెకు కూడా గాలీ వెలుతురూ కావాలన్న సంగతి అన్నాళ్లూ తనకు తట్టనే లేదు.

నందుకు కూడా చెప్పింది. "నాకు చెప్తే నేనే దింపకపోదునా?" అన్నాడు అతను.

ఇప్పుడు లావణ్య పార్కుకు పోయినంతసేపూ పక్కింటి కాశమ్మ వచ్చి కొమురమ్మ దగ్గర కూర్చుంటుంది. ఆదివారాలు నందు తల్లిని కూడా ఆటోలో తీసుకుపోతాడు. కొమురమ్మ ఎండ పొడ పడే చోటు చూసి కూర్చోబెట్టమంటుంది, చిలకల లొల్లి వింటుంది. లావణ్యకు ఊపిరి తేలికైంది. కానీ ఒకప్పుడు గోడ పట్టుకుని గడప దాకా వచ్చిన అత్త ఇక ఒక్క అడుగూ వేయలేదు. ఆమెను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టే ప్రతిసారీ లావణ్య తల దించుకునే ఉంటుంది.