బాలశౌరిని ఎక్కడ పెట్టాలి?

ఆటోనగర్‌లో లారీలకు రంగులేసి, వెనక పలకల మీద పేర్లూ పువ్వులూ రాసే బాలశౌరి 1975 జనవరిలో ఒక ఉదయం నిద్రలేవలేదు. అరవై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఏనాడూ జబ్బుపడలేదు. తాను పోయాక ఏం చెయ్యాలో చెప్పి పెట్టనూ లేదు. దాంతో భారమంతా అన్న కూతురు అమలమ్మ మీద పడింది.

అమలమ్మ ఆస్పత్రిలో నర్సు. రోజూ పదిమందికి ధైర్యం చెప్పే మనిషే అయినా, బాబాయి మంచం పట్టె పట్టుకుని కరువుతీరా ఏడ్చింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, “సరే, ఎక్కడ పెడదాం?” అని అడిగింది.

కళ్ళు చూపించుకుందామని చల్లపల్లి అవతలి పల్లెనుంచి వచ్చి ఆమె ఇంట్లోనే ఉన్న మేనత్త మణెమ్మ వెంటనే అందుకుంది.

“ఎక్కడేంటే? మనూళ్ళో, మా అమ్మ పక్కన. పోయిన ఈస్టరుకి తమ్ముడే నాతో అన్నాడు.”

“అదేంటండీ మణెమ్మగారూ!” అన్నాడు బాలశౌరి పనిచేసే షెడ్డు యజమాని రామకోటేశ్వరరావు. “నన్ను బెజవాడ దాటించొద్దని నాతో ఎన్నిసార్లు అన్నాడో!”

డ్రైవరు లాజరు గొంతు సవరించుకున్నాడు. “నాతోనేమో గుణదల కొండ కనపడితే చాలన్నాడండి.”

గుమ్మంలో నిలబడ్డ టీకొట్టు రావమ్మ చెప్పాలా వద్దా అని కాసేపు నలిగింది. “మావాళ్ళని కృష్ణలో కలుపుతాం గదా, మరి నువ్వో అంటే... నన్నూ అందులోనే కలిపెయ్యి రావమ్మా అన్నాడు.”

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందుగా నవ్వు ఆపుకోలేకపోయింది అమలమ్మే. ఎవరేం అడిగినా ‘అలాగే’ అనడం తప్ప ఎరగడు బాబాయి. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళకు వస్తానని మాటిచ్చి, రెండుచోట్లా అక్షింతలు వేసి, రెండుచోట్లా భోంచేసి వచ్చిన ఘనుడు. ఆ సంగతి లాజరు గుర్తుచేసేసరికి మణెమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

అమలమ్మ ఆలోచించింది. పోయినాయన ఎక్కడున్నా ఏమీ అనడు. ఉన్నవాళ్ళలో ఎవరికి ఎక్కువ కావాలి? ఏటా మృతుల పండగనాడు కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు నడిచి వెళ్ళేది అత్తే.

“మనూరికే తీసుకెళ్దాం,” అంది. రామకోటేశ్వరరావు మొహం చిన్నబోవడం చూసి, “మీరంతా లేకుండా బాబాయి కదలడు. మీ లారీలోనే పోదామండీ,” అంది. ఆయన లారీ కడిగించడానికి పరుగెత్తాడు.

ఇక బట్టల దగ్గర పేచీ వచ్చింది. మణెమ్మ తెల్లపంచె కావాలంది. అమలమ్మ పెట్టెలోంచి నీలం బుష్‌షర్టు తీసింది. తను నర్సు పరీక్ష పాసైనప్పుడు ఆయన కుట్టించుకున్నది.

“చచ్చినోడికి నీలం చొక్కా ఏంటే, పెళ్ళిచూపులకా?”

“తెల్లబట్ట కడితే రంగంటుతుందని జన్మంతా భయపడ్డాడు అత్తయ్యా. ఇవాళ కూడా ఆ భయం ఎందుకు?”

మణెమ్మ ఆ చొక్కాను కాసేపు చేత్తో నిమిరింది. “గుండీలు నేను పెడతా,” అంది.

లారీ నిండా జనంతో బందరు రోడ్డెక్కారు. ఉయ్యూరులో టీకి ఆగితే ఎదురొచ్చిన లారీ ఒకటి ఆగింది. దాని వెనక నెమలిని వేసింది బాలశౌరే. సంగతి తెలిసి ఆ డ్రైవరు బండిని వెనక్కి తిప్పాడు. చల్లపల్లి చేరేసరికి లారీలు నాలుగయ్యాయి. పొద్దుగూకకముందే ఫాదరుగారు ప్రార్థన ముగించారు. తలా పిడికెడు మన్ను వేశారు. రావమ్మ సీసాలో తెచ్చిన కృష్ణనీళ్ళు పొయ్యొచ్చా అని అడిగితే, ఫాదరుగారు నవ్వి, “పొయ్యమ్మా, ఆయన కాదంటాడా?” అన్నారు.

మర్నాడు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు అమలమ్మ అంది: “అత్తయ్యా, నీ సంగతైనా ఇప్పుడే చెప్పు. మళ్ళీ ఈ తిప్పలు పడలేను.”

మణెమ్మ మొహం వెలిగింది. “అడిగావు గనక చెప్తున్నా. బ్యాండు వద్దు. పాటలు మాత్రం ఆ సొలొమోను పాడకూడదు, వాడిది గార్దభస్వరం. జరీ అంచు చీర కట్టండి. వచ్చినోళ్ళకి పప్పూ గోంగూరా ఉండాల. పిల్లల్ని ముందు కూచోబెట్టొద్దు, అల్లరి చేస్తారు. ఇంకా...”

బస్సొచ్చింది. అమలమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మణెమ్మ కిటికీ ఊచలు పట్టుకుని పువ్వుల సంగతి ఎత్తుకుంది. కండక్టరు రెండుసార్లు విజిలేశాడు.

“మిగతాది ఉత్తరం రాయిస్తాలే!” అని కేకేసింది మణెమ్మ.