హార్డ్‌డిస్క్‌కి బొట్టు

మా ఆయన పెళ్లిళ్లు వీడియో తీస్తాడు, నేను ఎడిటింగ్ చేస్తాను. వైరాలో కిరాయి ఇంటి హాలే మా స్టూడియో. మొన్నటి పెళ్లిళ్ల సీజన్లో లాప్‌టాప్ నిండిపోయింది. భద్రాచలం వైపు నుంచి వచ్చిన రెండు పెళ్లిళ్ల ఫుటేజీ ఎక్కించడానికి చోటు లేదు.

"మనది తీసేద్దామా?" అన్నాడాయన మెల్లగా.

మనది అంటే మా పెళ్లి. నాలుగేళ్లుగా ఎడిట్ కాకుండా పడి ఉంది. ఊరందరి పెళ్లిళ్లకూ పాటలు అతికించే నేను దాన్ని ముట్టుకోలేదు. కారణం మా అత్తమ్మ. అడవి పల్లె పిల్లను కోడలిగా తెచ్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఏ షాట్ చూసినా ఆముదం తాగిన ముఖంతో మూలన నిలబడి ఉంటుంది. ఇప్పుడైతే నేను తినకుండా తను ముద్ద ముట్టదు. అలాంటి మనిషిని మళ్లీ ఆ ముఖంతో చూడాలంటే నాకు భయం. కానీ చెరిపేద్దామంటే మాత్రం ఒళ్లు మండింది.

"కావాలంటే నీ కెమెరా అమ్ముకో, నా పెళ్లి జోలికి రాకు" అన్నాను.

మర్నాడే ఖమ్మం వెళ్లి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తెచ్చాడు. మా పెళ్లితో సహా పాతవన్నీ అందులోకి మారిస్తే లాప్‌టాప్ ఖాళీ అవుతుంది. నేను స్నానం చేసి వచ్చేసరికి డిస్కు దేవుడి ముందు ఉంది. బండి కొన్నా మిక్సీ కొన్నా పసుపు రాసి బొట్టు పెట్టందే అత్తమ్మ వాడనివ్వదు. దీనికీ పెట్టింది, సరిగ్గా కేబుల్ గుచ్చే చోట.

"ఇంకేడ పెట్టాలె బిడ్డా? మూతి గదే గదా" అంది.

కేబుల్ గుచ్చితే డిస్కు పలకలేదు. నేను కాసేపు ఎగిరాను. ఆమె గుమ్మంలో కూర్చుని, అగ్గిపుల్లకు దూది చుట్టి, ఎంతో ఓపికగా ఆ పసుపంతా తీసింది. ఈసారి తెర మీద డిస్కు బొమ్మ వచ్చింది. ముందు మా పెళ్లినే కాపీ చేశాను. సరిగా వచ్చిందో లేదోనని ఒక ఫైలు తెరిచాను. అత్తమ్మ నా వెనకే ఉందన్న ధ్యాసే లేదు.

తెర మీద చుట్టాలంతా మా తలల మీద అక్షింతలు వేస్తున్నారు. అత్తమ్మ మూలన నిలబడి ఉంది. గుప్పిట మూసే ఉంది. అందరూ వేసి దిగిపోయారు, ఆమె కదలలేదు.

నేను ఆపబోయాను.

"ఉండనియ్" అని చివరిదాకా చూసింది. "నేను ఎయ్యలేదా?"

"లేదత్తమ్మా."

"మరి గా బియ్యం ఏం జేసిన్నో" అంటూ లేచి లోపలికి వెళ్లిపోయింది.

నొచ్చుకుందేమోనని నాకు ఏడుపొచ్చింది. పిలవడానికి ధైర్యం చాలలేదు. కాసేపటికి పట్టుచీర కట్టుకుని వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెం నిండా అక్షింతలు.

"కెమెరా పెట్టు కొడకా. ఇద్దరు నిలబడుండ్రి."

"గిప్పుడా అమ్మా? లుంగీ మీదున్న."

"మొఖాలే పడేటట్టు పెట్టు."

ఆయన కెమెరాను స్టాండుకు బిగించి నా పక్కకు వచ్చాడు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అత్తమ్మ మా మీద అక్షింతలు వేసింది. వేస్తూ వేస్తూ ఏడ్చింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"గది తీసేసి గిది పెట్టు బిడ్డా."

తీసేయలేదు. ఆమె కదలకుండా నిలబడ్డ షాట్ వెనకే దీన్ని పెట్టాను. మధ్యలోని నాలుగేళ్లకు అక్కడ ఒక్క కట్ సరిపోయింది.