మాట వినే పడవతో మండవల్లికి

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళడం కూడా ఒక యాత్రేనా, దానికి ఒక రాతా అని మావాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి. కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు గంగ గురించి రాస్తారు. నేను ఒక యంత్రాన్ని తెచ్చి చేపల చెరువులో దింపి వచ్చాను కాబట్టి దాని గురించి రాస్తున్నాను. రేపు మీ ఊరి చెరువుకూ ఇలాంటిది రావచ్చు, వివరాలు పనికొస్తాయి.

ఈ ప్రయాణానికి కారణం మా తోడల్లుడు సత్యనారాయణ. మండవల్లి దగ్గర అతనికి ఇంటిని ఆనుకునే ఒక చేపల చెరువుంది. రోజూ దోనె ఎక్కి తనే మేత వేసుకునేవాడు. ఈ వేసవిలో నడుము పట్టేసింది. మళ్ళీ దోనె ఎక్కితే ఇక మంచం దిగవని డాక్టరు చెప్పేశాడు. కూలికి మనుషులు దొరకడం లేదు. చెరువు లీజుకిచ్చేద్దామని అనుకుంటూ ఉండగా, తాడేపల్లిగూడెం దగ్గర ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు రోబో పడవ తయారుచేశారని తెలిసింది. తెలుగులో చెబితే విని, చెరువంతా తిరిగి మేత వేస్తుందట. ఒక పంట పాటు ఊరికే వాడి చూసే రైతు కావాలన్నారు. సత్యనారాయణ తన పేరిచ్చాడు కానీ ఆ నడుముతో అంతదూరం కూర్చోలేడు.

"నా బదులు మీరెళ్ళి చూడండి అన్నయ్యగారూ. పనికొస్తుందనిపిస్తేనే తీసుకురండి. లేదంటే చెరువు ఇచ్చేస్తాను," అన్నాడు ఫోన్లో. ఆ చివరి మాట అన్నప్పుడు అతని గొంతు నాకు నచ్చలేదు. మా కిరాణా కొట్టు మా ఆవిడకి అప్పగించి బయల్దేరాను.

పొద్దున్న ఏడింటికి ఏలూరులో రాజమండ్రి వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. ప్రతి స్టేషన్లోనూ ఆగి కుశలప్రశ్నలు వేసే బండి అది. ఆరోజు స్టేషన్ లేని చోట కూడా ఆగి ఎవరినో పలకరించింది. భీమడోలులో ఎక్కిన ఒక ఉల్లిపాయల వ్యాపారి నా పక్కన సర్దుకుని కూర్చుని, ఎక్కడికని అడిగాడు. రోబో కోసమని చెప్పాను.

"ఉల్లిపాయలు కోస్తదాండీ?"

"మేత వేస్తుందండీ, చేపలకి."

"మరి చేపలేం చేస్తాయండీ, అదీ అదే తినిపెడతదా?" అని ఆయన నవ్వి, కండువా మొహమ్మీద కప్పుకుని నిద్రపోయాడు. ఆయన దిగేదీ తాడేపల్లిగూడెంలోనే, రాగానే నేనే లేపాను.

స్టేషన్ బయట చిన్న హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి ఘాటుకి కళ్ళు తెరుచుకున్నాయి. అటు వెళ్ళేవాళ్ళు అక్కడే తిని వెళ్ళండి, ఎందుకంటే క్యాంపస్‌లో ఉపన్యాసాలు తప్ప ఏమీ పెట్టరు. షేర్ ఆటోలో గేటు దాకా వెళ్ళాను. గేటు దగ్గర కాపలాకి కర్ర పట్టుకున్న మనిషే ఉన్నాడు. రోబోలు చేసేవాళ్ళు కాపలాకి మనిషిని పెట్టుకున్నారంటే వాళ్ళకీ కొంత తెలుసన్నమాట.

రోబో విభాగం ప్రొఫెసరుగారు ఎదురొచ్చి మరీ లోపలికి తీసుకెళ్ళారు. మాట మెత్తగా ఉంటుంది, ఇంగ్లీషు ఎక్కువగా ఉంటుంది. ముందు కాఫీ ఇచ్చే రోబోను చూపించారు. అది కప్పుని ఎంతో మర్యాదగా నా వైపు చాపి, నేను పట్టుకునేలోపే వదిలేసింది. "ఇది ఇంకా లెర్నింగ్‌లో ఉందండీ," అన్నారాయన నా చొక్కా వైపు చూడకుండా. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళకి మందులు అందించే నాలుగు కాళ్ళ రోబో. గది మధ్యలో చక్కగా నడిచింది. గుమ్మం దగ్గరికి వచ్చాక గడప దాటలేక బోర్లా పడింది.

"మరి మా ఇళ్ళల్లో ప్రతి గుమ్మానికీ గడప ఉంటుంది కదండీ?" అన్నాను.

"ఫ్యూచర్‌లో ఇళ్ళు రోబోలకి తగ్గట్టు కట్టుకోవాలండీ. గడపలు తీసేస్తే ప్రాబ్లమ్ ఉండదు," అన్నారు.

పడవ మాత్రం బాగుంది. నేను అబద్ధమాడను. మంచం అంత ఉంటుంది, మధ్యలో మేత పోసే డబ్బా, వెనక మేత గుళికలు విసిరే చక్రం, ముందు కెమెరా. దాని మాటల పని చూసే కీర్తన అనే పరిశోధక విద్యార్థిని దాన్ని నీళ్ళ తొట్టిలో దింపి "మేత వెయ్యి" అంది. "అలాగేనండీ" అంది పడవ. అండీ అన్నందుకే నేను సగం పడిపోయాను. తీసుకెళ్తానని చెప్పేశాను.

పదకొండింటికి పడవను చిన్న వ్యానులో ఎక్కించారు. నేను, కీర్తన డ్రైవరు పక్కన కూర్చున్నాం. ప్రొఫెసరుగారు తన కారులో ముందు వెళ్ళారు. గణపవరం దాటాక వరి తగ్గి చెరువులు మొదలవుతాయి. ఆకివీడు వచ్చేసరికి రోడ్డుకి రెండువైపులా గట్లూ నీళ్ళే. అక్కడే భోజనం చేశాం. పెరుగు గట్టిగా ఉంది, సాంబారు పలచగా ఉంది. కీర్తనది చింతలపూడి అట. వాళ్ళ నాన్నకి పామాయిల్ తోట ఉందని, ఇంట్లో ఎవరికీ తను ఏం చదువుతోందో అర్థం కాలేదని చెప్పింది.

మండవల్లి చేరేసరికి రెండు దాటింది. సత్యనారాయణని కుర్చీతో సహా ఇద్దరు ఎత్తుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. ఇక మీదట రోజూ గట్టుకొచ్చి పడవతో మాట్లాడాల్సింది అతని భార్య, అంటే నా మరదలు వరలక్ష్మి. ఆమె పడవకి పసుపు రాసి, బంతిపూలు కట్టి, ముఖం ఎక్కడుందో చూసుకుని సరిగ్గా కెమెరా మీద బొట్టు పెట్టింది. కీర్తన చేతిరుమాలుతో తుడుస్తుంటే వరలక్ష్మి ముఖం చిన్నబోయింది. "పక్కన పెట్టుకోండాంటీ, దానికి కన్ను అదేనండీ," అని ఆ పిల్ల సర్దిచెప్పింది.

పడవ కదిలింది. మేత పడ్డచోటల్లా బొచ్చెలు, శీలావతులు పైకి లేచి నీళ్ళు కలియబెట్టాయి. సత్యనారాయణ కుర్చీలోంచి ముందుకు వంగి చూస్తున్నాడు. ఇన్నాళ్ళకి అతని ముఖంలో నవ్వు చూశాను, నాకూ సంతోషం వేసింది. మొదటి పరీక్ష కదా అని డబ్బాలో అరబస్తా మేతే పోశారు. అది సగం చెరువు తిరిగేసరికే అయింది. ఆ సంగతి చూసింది వరలక్ష్మే. గట్టు మీది నుంచి పడవని పిలిచింది.

"ఏవండీ, మేత నిండుకుందండీ!"

పడవ ఆగింది. "ధన్యవాదాలండీ. మేత నిండుగా ఉంది. వేస్తున్నాను," అని మళ్ళీ బయల్దేరింది.

చక్రం గిర్రున తిరుగుతోంది, గాలి తప్ప ఏమీ పడటం లేదు. చేపలు నోళ్ళు తెరుచుకుని దాని వెనకాల వెళ్తున్నాయి. వరలక్ష్మి గొంతు పెంచింది. "నిండుకుందని చెబుతుంటే వినవేంటి!"

"ధన్యవాదాలండీ," అంది పడవ, ఇంకాస్త వేగం పెంచి. ఆమె అరిచినకొద్దీ దానికి హుషారు పెరిగింది. చెరువంతా చుట్టి వచ్చి ఒడ్డున ఆగి, మేత వేయడం విజయవంతంగా పూర్తయిందని ప్రకటించింది. ప్రొఫెసరుగారి ఫోన్లో పచ్చరంగు వెలిగింది. ఆయన చప్పట్లు కొట్టారు. చూడ్డానికి వచ్చిన పక్క చెరువుల వాళ్ళు కూడా, పెద్దాయన కొడుతున్నాడు కదా అని, కొట్టారు.

విషయం నాకు అప్పటికే బోధపడింది. కొట్టు పెట్టుకున్నవాణ్ణి, నా నోట ఏనాడూ పప్పు లేదన్న మాట రాదు. పప్పు నిండుకుందంటాను. ఇంట్లో బియ్యం నిండుకుంటాయి, పసుపు నిండుకుంటుంది. లేనిదాన్ని లేదనకుండా గౌరవంగా పంపించే మాట అది. కీర్తనని అడిగితే మాటల పట్టిక చూసి నాలుక కరుచుకుంది. నిండు అని ఎక్కడ కనబడితే అక్కడ డబ్బా నిండిందని అర్థం రాసి పెట్టారట.

"మా అమ్మ కూడా ఇలాగే అంటుందండీ. ల్యాబులో కూర్చుంటే గుర్తు రాలేదండీ," అంది.

"మార్చేస్తే సరిపోతుంది కదమ్మా?"

దానికి ప్రొఫెసరుగారు జవాబిచ్చారు. ఈ పట్టికతోనే ఫలితాలన్నీ తీశారట, వాటి మీద పరిశోధన పేపరు పంపారట, అది అచ్చయ్యేదాకా ఒక్క మాట కూడా కదపకూడదట. "ఈ పంటకి మేడమ్ గారినే మార్చుకోమనండి. అయిపోయింది అంటే చాలు. సింపుల్ వర్డ్."

వరలక్ష్మి పమిట కొంగు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. "చెరువు గట్టున ఆ మాట ఎలా అంటానండీ? వేరే ఏదన్నా చెప్పండి."

కీర్తన పట్టికంతా వెతికింది. పడవకి తెలిసినవి మరో రెండున్నాయి. ఒకటి లేదు అనే మాట, ఇంకోటి ఖాళీ అనే మాట. రెండూ విని వరలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"ఇలాంటి మూఢనమ్మకాలు పెట్టుకుంటే టెక్నాలజీ ఎలా వస్తుందమ్మా?" అన్నారు ప్రొఫెసరుగారు, దయగా.

"తమరి కారుకి నిమ్మకాయలూ మిరపకాయలూ ఎందుకు కట్టారండీ?" అంది వరలక్ష్మి, ఇంకా మెత్తగా.

"అది మా మిసెస్ కట్టిందండీ," అని ఆయన గడియారం చూసుకుని, వెళ్ళాలని లేచారు. కీర్తన మాత్రం పని తేల్చాలని ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో సత్యనారాయణ మంచం మీద వెల్లకిలా పడుకుని, "వరలక్ష్మికి ఇష్టం లేకపోతే వద్దులెండి అన్నయ్యగారూ. లీజుకి అడిగినవాళ్ళు ఎలాగూ ఉన్నారు," అన్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వరలక్ష్మి విన్నదన్నమాట.

మర్నాడు తొమ్మిదింటికి ఆమే కీర్తనని వెంటబెట్టుకుని గట్టుకెళ్ళింది. పడవకి ఆమె గొంతు అలవాటు కావాలంటే అదే మాట పదేపదే చెప్పి రికార్డు చేయాలట. గట్టిగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, గాలిలో ఒకసారి. "మేత అయిపోయింది," అని వరలక్ష్మి చెరువు వైపు చూడకుండా అని, రెండు చెంపలూ వాయించుకుంది.

"లెంపలు వేసుకోకండాంటీ, ఆ చప్పుడు కూడా రికార్డవుతోంది," అంది కీర్తన. పాపం, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళున్నాయి.

వరలక్ష్మి చేతులు కిందికి దించేసింది. పూటంతా అంటూనే ఉంది. అయిపోయింది, అయిపోయింది, మేత అయిపోయింది. వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుగు నేర్చుకోవాల్సింది ఎవరు, నేర్చుకుంటున్నది ఎవరు? కానీ మధ్యాహ్నానికి పడవ ఆ మాట వినగానే బుద్ధిగా ఒడ్డుకొచ్చి ఆగింది. మేత పోశారు, మళ్ళీ వెళ్ళింది. కిటికీలోంచి చూస్తున్న సత్యనారాయణ లోపలికి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చెరువు నిలబడింది. ఇక నేనేం అనగలను?

మూడింటికి కైకలూరు వెళ్ళి, ఏలూరు బస్సు ఎక్కాను. కొల్లేటి మీదుగా వెళ్ళే దారి ఇది. వానాకాలంలో అయితే నీళ్ళు రోడ్డు మీదికి వస్తాయి, కనుక్కుని బయల్దేరండి. కిటికీ సీటు దొరికితే గూడకొంగలు కనబడతాయి. పక్కన కూర్చున్న పెదపాడు మాస్టారు నా కథంతా విని, "మరి పడవ పాసైనట్టేనాండీ?" అని అడిగారు. పాసైందన్నాను. పేపరు అచ్చవుతుంది, ప్రొఫెసరుగారికి శాలువా కప్పుతారు, తెలుగు రైతు మాట వినే పడవ అని ఫోటో వేస్తారు. ఎవరు ఎవరి మాట విన్నారో ఫోటోలో తెలియదు. అయినా పడవ మంచిదే, నడుము పోయినవాళ్ళు తెచ్చుకోండి. ఇంట్లో ఆడవాళ్ళని అడిగి తెచ్చుకోండి.

ఏలూరు దగ్గర పడుతుండగా వరలక్ష్మి ఫోన్ చేసింది. సాయంత్రం మేత చక్కగా వేసిందని, ఆయన సంబరపడుతున్నారని చెప్పింది. ఉంటానని చెప్పి కూడా ఫోన్ పెట్టలేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బావగారూ. ఇందాక డబ్బా మూత తీసి చూసి, ఏవండీ బియ్యం అయిపోయాయండీ అనేశాను. నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియలేదు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండీ. రేపు తెప్పిస్తాలే అన్నారు, మామూలుగా."