మిరపకల్లంలో చాళ్లు

దయ్యాలను నమ్మేవాళ్లను ఎగతాళి చేసినవాణ్ణి నేను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఎగతాళి నాకు తేలికగా వచ్చేది. అదే నా జబ్బు.

మానుకోట వైపు గూడూరు దగ్గర మా మిరపకల్లాన్ని ఆనుకొని లంబాడీల తండా ఉంది. అక్కడి సోమ్లి అనే ముసలమ్మ ఒకరోజు మా బోరు దగ్గరికి నీళ్లకు వచ్చి, నా పని చూసి ఆగింది. ఆరబోసిన మిరపలో కాళ్లీడుస్తూ నడిచి చాళ్లు తీయాలి. అప్పుడే అడుగు కాయ పైకొస్తుంది.

"పాదాలు మెత్తగున్నయ్ పటేలా, కాయలు నవ్వుతున్నయ్" అంది.

తానే దిగి చూపించింది. ఎడమకాలు అవిటిది. ఆమె నడిస్తే ఒక చాలు లోతుగా, పక్కది వంకరగా పడేది.

అలా కలిసింది స్నేహం. నాకు ముప్పై నిండలేదు, ఆమెకు డెబ్బై పైనే. రోజూ మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె, నా పచ్చిమిరప తొక్కు. ఊళ్లో ఎదురైతే మాత్రం నేను ముఖం తిప్పుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఎద పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది.

"పానం మంచిగ లేదు కొడకా. మానుకోట దవాఖానకు తీస్కపో."

ఇంట్లో చుట్టాలున్నారు. కారు వాకిట్లోనే ఉంది. "ముసల్దానికి సవారీయా బావా?" అని బావమరిది నవ్వాడు. నేనూ నవ్వాను.

"రేపు పోదాం తీ అవ్వా" అన్నాను.

ఆమె ఎండలో నడిచి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కల్లానికి పోతే మిరప సగం దాకా తిరగేసి ఉంది. లోతుగా ఒక చాలు, వంకరగా ఒక చాలు. పైకొచ్చిన కాయల తడి ఇంకా ఆరలేదు. కోలుకుందనుకొని సంతోషంగా కేకేశాను.

దారిన పోతున్న ఆమె కోడలు ఆగింది. "ఎవర్ని పిలుస్తున్నవన్నా? అత్త నిన్న పొద్దుగూకంగనే పోయింది. పొద్దుగాల మట్టి చేసినం."

అప్పుడు ఎండుకాయలు గలగలమన్నాయి. గాలి లేదు. కాయలు రెండు పక్కలకూ తొలగుతూ చాలు నావైపే వస్తోంది. కాస్త ఈడ్చి, ఆగి, మళ్లీ ఈడ్చి. కోడలు కెవ్వుమంది. కాబట్టి నా ఒక్కడి భ్రమ కాదు.

నా పాదాలకు జానెడు దూరంలో ఆగింది.

నేను పారిపోయాను.

పందికొక్కులన్నారు మావాళ్లు. పట్టపగలు, ఇద్దరం చూస్తుండగా ఏ పందికొక్కూ కనిపించలేదు. అది ఏమిటో ఈనాటికీ చెప్పలేను. ఒకవేళ ఆమే అయితే, రెండోసారి కూడా ఆమెను వదిలేశాను.