వదినగారితో ఫ్రాన్స్ పల్లెదారుల్లో

మొన్న శనివారం మా ఊరు పార్సిప్పనీలో, మా వీధి చివర ఉండే కుర్ర జంట భోజనానికి పిలిచారు. పప్పు వడ్డిస్తూ ఆ అమ్మాయి, ఫ్రాన్స్‌లో సైకిల్ టూర్ బుక్ చేద్దామనుకుంటున్నామనీ, ఆంటీ చేశారని విన్నాననీ, ఎలా ఉంటుందనీ అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకుని, "సూపర్‌గా ఉంటుందమ్మా, లైఫ్‌లో ఒక్కసారైనా చేయాలి," అన్నారు. మా ఆయన ఆ టూర్‌కి రాలేదు. ఒక్క మైలు తొక్కలేదు. నేను ఇంకో చెంచా నెయ్యి వేసుకుని పప్పన్నం కలుపుకున్నాను.

నిజానికి ఆ టూర్ మా ఇద్దరి కోసం బుక్ చేసిందే. కోవిడ్ భయం తగ్గాక వచ్చిన వేసవి అది. నాకు యాభై నిండాయని ఆయన ముచ్చటపడి ప్లాన్ చేశారు. తీరా ప్రయాణం దగ్గర పడ్డాక ఆఫీస్‌లో ఏదో ప్రాజెక్ట్ వాడకంలోకి వచ్చే రోజులు, గో-లైవ్ అన్నారు, లీవ్ కుదరదన్నారు. "నీకు తోడుగా అక్కని అడిగాను, ఒప్పుకుంది," అని ఆయన చెప్పినప్పుడు నేను గ్రైండర్‌లో ఇడ్లీ పిండి రుబ్బుతున్నాను. ఆ చప్పుడులో తప్పుగా విన్నానేమోనని కాసేపు ఆశపడ్డాను కూడా. అక్క అంటే నా ఆడపడుచు. ఎడిసన్‌లో ఫార్మసిస్ట్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ భర్త, అన్నయ్యగారు, పోయాక అంత పెద్ద ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఆవిడ మా ఇంటికొస్తే ముందు నా వంటింటి డబ్బాలన్నీ దించి, ఆవిడ పద్ధతిలో మళ్ళీ సర్దేవారు. ఆవిడ వెళ్ళాక ఆవాలు ఎక్కడున్నాయో వెతుక్కోవడం నా వంతు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకచోట రెండు రోజులకి మించి ఉన్నది లేదు.

టూర్ కంపెనీవాళ్ళు మన పెట్టెల్ని వ్యాన్‌లో తర్వాతి ఊరి హోటల్‌కి చేరుస్తారు. మనం గుర్తులు చూసుకుంటూ తొక్కుకుంటూ పోవడమే. దారులు బాగుండేవి, కాదనను. గోధుమ కోత అయిపోయి, చేలల్లో గడ్డి గుండ్రంగా చుట్టి పెట్టి ఉండేది. తెల్లటి ఆవులు చెట్ల నీడన పడుకుని మమ్మల్ని చూసి కూడా లేచేవి కావు. కానీ ఆ ఊళ్ళలో మనుషులు ఎక్కడుంటారో నాకు ఈనాటికీ తెలియదు. కిటికీల చెక్కతలుపులన్నీ మూసే ఉంటాయి. ఆకలేసే వేళకి బేకరీ మూసేసి ఉంటుంది, అది తెరిచే వేళకి మేం పక్క ఊళ్ళో మరో మూసిన బేకరీ ముందు ఉంటాం. మంచినీళ్ళ కుళాయి శ్మశానంలో ఉంటుందని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. నేను బాటిల్ నింపుకున్నాను. వదినగారు ఆ నీళ్ళు ముట్టనన్నారు. అంత ఎండలో, మూడు ఊళ్ళు దాటి కాఫీ కొట్టు దొరికేదాకా దాహంతోనే తొక్కారు, నా బాటిల్ వంక చూడనైనా చూడకుండా.

ఆవిడ తొక్కే తీరు కూడా అలాంటిదే. నిటారుగా కూర్చుని, చున్నీ వెనక్కి ముడేసుకుని, గేరు మార్చకుండా తొక్కేవారు. మనిషి జాడలేని దారిలో ప్రతి మలుపుకీ బెల్ కొట్టేవారు. ఆవులకీ కొట్టేవారు. అన్నిటికన్నా నన్ను కాల్చుకుతిన్నది ఆ పల్లాల సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పుతూనైనా తొక్కేవారు, తీరా హాయిగా జారిపోవలసిన పల్లం రాగానే దిగి సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవారు. నేను గాలిలో తేలినట్టు కిందికొచ్చి, ఆ ఆనందమంతా ఆవిడ కోసం ఎండలో నిలబడి ఆరబెట్టుకోవాల్సి వచ్చేది.

ఒక మధ్యాహ్నం అలాగే ఒక మూసిన బేకరీ ముందు బెంచీ మీద కూర్చుని, పొద్దున హోటల్లో దాచిన రొట్టెకి కారప్పొడి అద్దుకుని తింటున్నాం. ఆవిడ ఉన్నట్టుండి, "మీ మేడమీద గదికి తూర్పు కిటికీ ఉందా? దేవుడి మందిరం ఎటు పెట్టాలా అని," అన్నారు. ఏ గది అన్నాను. ఆవిడ రొట్టె పక్కన పెట్టి నన్ను చూశారు.

"నీకు చెప్పలేదా వాడు?"

అప్పుడు తెలిసింది. ఎడిసన్ ఇల్లు అమ్మకానికి పెట్టారట. శ్రావణంలో మా ఇంటికి మారిపోవడమట. ఈలోగా ఇద్దరూ కాస్త అలవాటు పడతారని మా ఆయనే ఈ ఏర్పాటు చేశారట. ఆ గో-లైవ్ నిజమో కాదో నేను ఇప్పటివరకూ అడగలేదు.

లేచి సైకిలెక్కాను. సముద్రానికి అటు కూర్చున్న మనిషిని తిట్టుకుంటూ ఎంత బలంగా తొక్కానో, మలుపు గుర్తు కూడా చూసుకోలేదు. రోడ్డు కాస్తా కంకరదారయింది, ఆ తర్వాత మొక్కజొన్న చేల మధ్య ట్రాక్టర్లు తిరిగే, చేనుకి పెట్టిన నీళ్ళు నిలిచిన బురదదారిలోకి పల్లంగా దిగింది. ముందు చక్రం కూరుకుపోయి పక్కకి పడ్డాను. మోకాలు గీరుకుపోయింది, చైన్ ఊడింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు. కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక ఆ బురదలోనే కూర్చున్నాను. కాసేపటికి బెల్ వినిపించింది. మొక్కజొన్న మీదుగా హెల్మెట్ ఒక్కటే కనిపిస్తూ, ఆ పల్లంలో ఆవిడ దిగకుండా తొక్కుకుంటూ వస్తున్నారు.

దెబ్బ తగిలిందా అని అడగలేదు. నా సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, చున్నీ కొసతో చైన్ పట్టుకుని ఎక్కించారు. అది ఎక్కించాకే మాట్లాడారు.

"నీ ఇంట్లో నాకూ కష్టమే. నువ్వు గిన్నెలు బోర్లించకుండా తడితోనే పెట్టేస్తావు. నేను చూస్తూ ఊరుకోలేను. నువ్వు పడలేవు."

"ఆ మాట వాడికే... ఆయనకే ముందు చెప్పచ్చుగా వదినా."

"నీ నోటితో ఒక్కసారి రమ్మంటావేమో అని చూశాను."

రమ్మని పైకి అన్నా, అది మనసులోది కాదని ఆవిడ నా మొహం చూసి పట్టేస్తారు. ఆవిడ తల తిప్పుకుని చేతుల మసి గడ్డికి తుడుచుకున్నారు. ఇద్దరం సైకిళ్ళు తోసుకుంటూ దగ్గర్లో కనిపించిన రైతు ఇంటికి చేరాం. ఆ ఇల్లాలికి ఇంగ్లిష్ రాదు, మాకు ఫ్రెంచ్ రాదు. నా మోకాలు చూసి కుర్చీ లాగింది, ఉడికిన బంగాళాదుంపల మీద వెన్న వేసి పెట్టింది, సాయంత్రం తన వ్యాన్‌లో హోటల్ దగ్గర దింపింది. ఆ ట్రిప్ మొత్తానికి వదినగారు కడుపునిండా తిన్నది ఆ పూటే. మిగతా రోజులు మామూలే. మర్నాటి నుంచి పల్లం వస్తే ఆవిడ దిగి నడిచారు, నేను కింద నిలబడి విసుక్కున్నాను.

తిరిగొచ్చాక ఆవిడ ఎడిసన్ ఇల్లు అమ్మి, జెర్సీ సిటీలో రైలు స్టేషన్ పక్కనే ఒక టవర్‌లో చిన్న అపార్ట్‌మెంట్ కొనుక్కున్నారు. తనకే వద్దనిపించిందని తమ్ముడికి చెప్పారు. మా ఆయన నమ్మలేదు. నేనే ఏదో అని ఉంటానని నెలల తరబడి ముభావంగా తిరిగారు. నేను సంజాయిషీ చెప్పుకోలేదు. ఇప్పుడు ఆదివారాలు వీలైనప్పుడల్లా నేనే వెళ్తాను. పన్నెండింటికి భోంచేస్తాం, మూడింటికల్లా ఏదో ఒకదాని మీద మాటా మాటా వస్తుంది, నేను కారు తాళాలు తీసుకుని లేస్తాను. మాకు ఒకరికొకరు అలవాటు కావడానికి ఒక టూర్ చాలనుకున్నారు మా ఆయన. ఈ జన్మ చాలదనుకున్నాను నేను. ఎంత కాలం పడుతుందో ఇంకా తేలలేదు.